కొత్త కార్యవర్గం, పాత హద్దురాళ్ళు

కుంటలు, గుట్టలు, చిట్టడవులు, చిత్తడి నేలలను కొనో, దానంగా తీసుకునో, యజమానులతో ఒప్పందం రాసుకునో కాపాడుతున్న చిన్న సంఘాల నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. దాదాపు అన్నీ కార్యవర్గంలోకి వచ్చిన కొత్తవాళ్ళ గురించే. రిజిస్ట్రేషన్, పన్నుల చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి అవసరమైనంతే వెళ్ళాం.

ప్రశ్న: భూసంరక్షణ సంఘం ఒకటి నన్ను కార్యవర్గంలోకి రమ్మంటోంది. మొక్కలు, పక్షులు అంటే ఇష్టమే గాని పాలనా వ్యవహారాలు కొత్త. ఒప్పుకునే ముందు ఏమేం అడగాలి?

జవాబు: నియమావళి, గత మూడేళ్ళ లెక్కలు, గత ఏడాది మినిట్స్ (సమావేశాల్లో జరిగింది రాసిపెట్టే పుస్తకం), బీమా పాలసీలు, సంఘం చేతిలో ఉన్న భూముల జాబితా అడగండి. మొదటి నాలుగూ ఏ సంఘంలో చేరబోయినా అడగాల్సినవే. ఈ సంఘం సత్తా ఏమిటో చెప్పేది మాత్రం ఐదోది. ఒక్కో భూమికీ ఎదురుగా విస్తీర్ణం, దస్తావేజు తేదీ, మనకున్నది పూర్తి యాజమాన్యమా లేక ఒప్పంద హక్కు మాత్రమేనా, దాత పెట్టిన షరతులేమిటి, ఆఖరుసారి ఎవరు ఎప్పుడు వెళ్ళి చూశారు అన్నవి రాసి ఉండాలి. ఆ చివరి గడి ఎన్ని భూములకు ఖాళీగా ఉందో లెక్కపెట్టండి. జాబితాయే లేదంటే, మీరు చేరాక చేయాల్సిన మొదటి పని అదేనన్నమాట.

మినిట్స్ చదివేటప్పుడు తీర్మానాలకన్నా వాయిదాల మీద కన్నేయండి. ఉత్తరపు హద్దు సర్వే సంగతి వరసగా నాలుగు సమావేశాల్లో 'తదుపరి సమావేశంలో చర్చించాలి' అని ఉంటే, సర్వేకు డబ్బు లేకపోయి ఉండాలి, పొరుగువారితో తగువైనా ఉండాలి. ఏదో నేరుగా అడిగేయండి. ఇక లెక్కల్లో బ్యాంకు నిల్వ చూసి సంతోషపడొద్దు. ఫలానా పనికే వాడమని దాతలిచ్చిన సొమ్ము అందులోంచి తీసేసి, మిగిలింది మామూలు ఖర్చులకు ఎన్ని నెలలు వస్తుందో చూడండి. మూడు నెలలకు కూడా చాలకపోతే మీ పదవీకాలమంతా చందాల వెంట తిరగడంతోనే సరిపోతుంది. తెలిసి చేరితే తప్పేమీ లేదు.

బీమా దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. సంఘం భూమి మీద ఎవరైనా కాలు జారి దెబ్బ తగిలించుకుంటే పరిహారం చెల్లించే పాలసీ వేరు, కార్యవర్గ నిర్ణయాల మీద దావా పడితే ఆదుకునే పాలసీ వేరు. 'మాకు బీమా ఉందండీ' అంటే ఏదో ఒకటి ఉందనే అర్థం. రెండూ ఉన్నాయా అని విడివిడిగా అడగండి.

నెలకు ఎన్ని గంటలు పని, సభ్యులు సొంతంగా ఎంతో కొంత విరాళం ఇవ్వాలన్న ఆనవాయితీ ఉందా, పదవీకాలం ఎన్నేళ్ళు అన్నవి కూడా ముందే తేల్చుకోండి. వీలైతే ఒక సమావేశానికి చూడ్డానికని వెళ్ళి కూర్చోండి.

ప్రశ్న: మాది తొమ్మిదిమంది కార్యవర్గం. ఈసారి ఒకేసారి ఐదుగురు కొత్తవాళ్ళు వస్తున్నారు. ఒక పూట పరిచయ సమావేశం పెట్టి, ఫైలు చేతికిస్తే చాలా?

జవాబు: చాలదు. పరిచయం సంగతి తర్వాత, ఐదుగురు ఒకేసారి రావాల్సి రావడమే మీ అసలు చిక్కు. కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందంటారు. భూముల విషయంలో ఆ పాత నీటితోపాటు ఏ దాత ఏం మాటిచ్చాడు, ఏ పొరుగాయనతో ఏ దారి గురించి నోటి ఒప్పందం ఉంది అన్న జ్ఞాపకాలన్నీ పోతాయి. పదవీకాలం మూడేళ్ళైతే ఏటా ముగ్గురే మారేలా చూసుకోవాలి. మీరు ఈ ఒక్కసారికి నియమావళి సవరించుకుని చీటీలు వేసుకోండి. కొత్త ఐదుగురిలో ఒకరికి ఏడాది, ఇద్దరికి రెండేళ్ళు, ఇద్దరికి మూడేళ్ళు. పాత నలుగురిలో ఇద్దరికి ఏడాది, ఒకరికి రెండు, ఒకరికి మూడు. కలిపి చూస్తే ఏటా ముగ్గురి గడువు ముగుస్తుంది. కొత్తవాళ్ళకు, పాతవాళ్ళకు చీటీలు విడిగా వేయాలి. అందరివీ కలిపి వేస్తే పాతవాళ్ళలో ముగ్గురు వచ్చే ఏడాదే దిగిపోయే అవకాశం ఉంది.

ఇక పరిచయం. దానికి మూడు నెలలు పట్టనివ్వండి. మొదటి వారంలో ఇచ్చే ఫైలు పాతిక పేజీలు మించకూడదు. మూడొందల పేజీల ఫైలు ఎవరూ చదవరు, ఇచ్చినవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. నియమావళి, భూముల జాబితా, ఒక పేజీ లెక్క, ఈ ఏడాది పనులు, ఎవరి దగ్గర ఏ తాళంచెవి ఉందో చెప్పే కాగితం ఉంటే చాలు. పెద్ద దస్తావేజులు ఎక్కడున్నాయో చెప్పండి, అవసరమైనప్పుడు వాళ్ళే తీసి చూసుకుంటారు.

రెండో వారం నుంచి భూముల మీదికి నడిపించండి. ఇక్కడే చాలా సంఘాలు గాడి తప్పుతాయి. నడక విహారయాత్రగా మారిపోతుంది. పక్షులు చూసి, పూలు ఫొటో తీసుకుని, ముందు గేటు దగ్గర టీ తాగి వచ్చేస్తారు. వెనక హద్దు దాకా ఎవరూ వెళ్ళరు. ఆక్రమణ మొదలయ్యేదేమో సాధారణంగా వెనకనుంచే. అందుకని సర్వే పటం, దస్తావేజులోని హద్దుల పేజీ నకలు, పాత ఫొటోలు, ముప్ఫై మీటర్ల టేపు పట్టుకుని వెళ్ళండి. పటం చూసి ప్రతి కొత్త సభ్యుడూ ఒక హద్దురాయిని తనంతట తానే వెతికి పట్టుకోవాలి. దొరక్కపోతే అదీ ఒక సమాచారమే. రాయి పూడిపోయిందో, ఎవరైనా పీకేశారో తేలుతుంది. తిరిగొచ్చాక, మీ పర్యవేక్షణ కార్యకర్తలు నింపే ఫారాన్నే వాళ్ళచేతా నింపించండి. ఆ ఫారంలో ఏ ప్రశ్నలు అర్థం కావడం లేదో కొత్తవాళ్ళే బాగా చెబుతారు.

ఒక్కో కొత్త సభ్యుడికి ఒక పాత సభ్యుణ్ణి జోడించండి; పాతవాళ్ళు నలుగురే కాబట్టి ఒకరికి ఇద్దరు వస్తారు. వారి బాధ్యత ఒక్కటే: మొదటి మూడు సమావేశాలకూ ముందు రోజు ఫోన్ చేసి, అరగంట కూర్చుని ఎజెండాలోని అంశాల పూర్వాపరాలు చెప్పడం. ఉపసంఘాల బాధ్యతలు మూడో సమావేశం తర్వాత ఇవ్వండి. మొదటిరోజే 'మీరు చదువుకున్నవారు కదా, నిధుల ఉపసంఘం చూసుకోండి' అని నెత్తిన పెడితే నాలుగు నెలల్లో రాజీనామా వస్తుంది.

ప్రశ్న: కోశాధికారిని. ఒక పెద్దాయన తన భూమి మొత్తం సంఘానికి ఉచితంగా రాసిస్తానన్నారు. కొత్త సభ్యులంతా 'ఊరికే వస్తుంటే ఆలోచనెందుకు' అంటున్నారు. నేనొక్కణ్ణే అడ్డుపడుతున్నట్టుంది. నా భయం సరైనదేనా?

జవాబు: సరైనదే. భూమి ఊరికే వస్తుంది, దాన్ని చూసుకోవడం ఊరికే రాదు. కొత్త సభ్యులకు అర్థమయ్యేలా ఒక లెక్క వేసి చూపించండి.

ఆ భూమికి ఏడాదికయ్యే ఖర్చులన్నీ కాగితం మీద పెట్టండి: పన్ను, బీమా, కంచె మరమ్మతు, దారి శుభ్రం, పరాయి మొక్కల ఏరివేత, ఏడాదికోసారి పరిశీలన, అందుకయ్యే ప్రయాణం. మొత్తం వంద అనుకుందాం. ఆ వంద ఏటా రావాలంటే, మూలనిధి (రాబడి కోసం దాచిపెట్టే సొమ్ము) లోంచి ఏడాదికి 4 శాతం మించి తీయని పద్ధతిలో 2,500 పక్కన ఉండాలి. అంటే ఏడాది ఖర్చుకు పాతికరెట్లు. ఐదు శాతం తీస్తామంటే ఇరవై రెట్లు చాలుతుంది గాని, ధరలు పెరిగే కొద్దీ అసలు సొమ్మే కరిగిపోతుంది. ఎవరైనా హద్దు మీద దావా వేస్తే కావలసిన న్యాయ ఖర్చు ఇందులో లేదు, దానికి వేరే నిధి ఉండాలి. ఈ అంకె చూశాక గదిలో మాటల తీరు మారుతుంది.

తీసుకోవడానికి ముందు చూడాల్సినవి: దాతకున్న హక్కు నిఖార్సైనదేనా, తాకట్టు ఉందా, వారసుల్లో సంతకం పెట్టనివారున్నారా, రోడ్డు నుంచి భూమిలోకి చట్టబద్ధమైన దారి ఉందా లేక పక్కాయన మంచితనం మీద నడుస్తోందా, గనుల హక్కు, నీటి హక్కు వేరేవాళ్ళకు పోయాయా, పాడుబడ్డ బావులున్నాయా. అన్నిటికన్నా ప్రమాదకరమైనది పూడ్చిన చెత్త. ఎప్పుడో ఎవరో పారబోసిన రసాయనాలకు కూడా ఇప్పటి యజమానినే బాధ్యుణ్ణి చేసే చట్టాలున్నాయి. అమెరికాలో 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం అలాంటిదే. అందుకే అక్కడ భూమి తీసుకునేముందు దాని పూర్వ వినియోగం మీద పర్యావరణ పరిశీలన చేయించడం పద్ధతైంది. మీ దగ్గర ఆ పద్ధతి లేకపోయినా, ఆ భూమిలో గత యాభై ఏళ్ళలో ఏమేం జరిగిందో పాత పటాలు చూసి, చుట్టుపక్కల వయసు మళ్ళినవారిని అడిగి తెలుసుకోవచ్చు. తుప్పు పట్టిన పీపాలు, గడ్డి మొలవని మచ్చలు, నూనె తేలే నీరు కనబడితే సంతకం ఆపేయండి.

లాభాపేక్ష లేని ఒక సంఘం నేలను జనం కోసం శాశ్వతంగా ఉంచుకోవడమన్న ఆలోచన మరీ కొత్తదేం కాదు. 1891లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉద్యానవనాల రూపశిల్పి చార్లెస్ ఎలియట్ చొరవతో అలాంటి సంస్థ ఏర్పడింది. గ్రంథాలయం పుస్తకాలను, మ్యూజియం చిత్రాలను ఉంచుకున్నట్టే ఈ సంస్థ నేలను ఉంచుకోవాలన్నది ఆయన పోలిక. గ్రంథాలయం కూడా వచ్చిన ప్రతి పుస్తకాన్నీ తీసుకోదని మీ కొత్త సభ్యులకు గుర్తుచేయండి. బ్రిటన్‌లోని అలాంటి సంస్థే అయిన నేషనల్ ట్రస్ట్‌కు 1895లో మొట్టమొదట దానంగా వచ్చిన వేల్స్ కొండవాలు దినాస్ ఒలై ఐదెకరాలు కూడా లేదు. ఆ దానం పుచ్చుకున్నవారు ఇప్పుడు ఒక్కరూ లేరు, ఆ నేలను చూసుకునే పని మాత్రం సంస్థకు అలాగే ఉంది.

కాదనడం ఒక్కటే దారి కాదు. భూమితోపాటు పోషణ నిధికి కొంత ఇవ్వగలరా అని దాతను అడగండి. ఆయన కాకపోతే ఆయన పిల్లలు ఇవ్వవచ్చు. సంరక్షణ విలువ తక్కువైతే, 'అమ్ముకుని ఆ డబ్బు వేరే భూమికి వాడుకోవచ్చు' అన్న మాట ఆయన బతికుండగానే దానపత్రంలో రాయించుకోండి. అదీ కుదరకపోతే, భూమి ఆయన పేరునే ఉంచి, కట్టడాలు కట్టకూడదు, ముక్కలు చేయకూడదు అన్న నిబంధనలను దస్తావేజుకు ముడిపెట్టే పద్ధతి మీ చట్టంలో ఉందేమో కనుక్కోండి. అమెరికాలో దాన్ని కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు. భూమి చేతులు మారినా నిబంధన భూమితోనే వెళ్తుంది. అయితే దానికీ కాపలా కావాలి. ఆ సంగతి కింది ప్రశ్నలో చూడండి.

ప్రశ్న: భూములు చూసొచ్చినవాళ్ళు రాసే పర్యవేక్షణ నివేదికలు కార్యవర్గం ముందుకు వస్తే 'బాగుంది' అని సంతకం పెట్టేస్తున్నాం. కొత్త సభ్యురాలిగా వాటిలో ఏం చూడాలి?

జవాబు: నివేదిక ఒక్కటీ చదివితే ఏమీ తెలియదు. పక్కన మూల నివేదిక పెట్టుకుని చదవాలి. భూమి గాని ఒప్పందం గాని సంఘం చేతికి వచ్చిన రోజున అక్కడ ఏముందో రాసిపెట్టిన పత్రం అది. పటాలు, కట్టడాల కొలతలు, దారులు, చెట్ల తీరు, నంబరు వేసిన చోట్ల నుంచి తీసిన ఫొటోలు, ఇరుపక్షాల సంతకాలు అందులో ఉండాలి. దస్తావేజు రాసుకున్న రెండేళ్ళకు తీరిగ్గా తయారుచేసిన మూల నివేదిక కోర్టులో నిలవడం కష్టం. ఆ షెడ్డు ముందునుంచీ ఉందని యజమాని అంటే, లేదని రుజువు చేయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ప్రతి ఫొటోకూ తేదీ, తీసిన చోటు, కెమెరా ఏ దిక్కుకు ఉంది అన్న మూడూ ఉన్నాయా చూడండి. దిక్కు రాయడం అందరూ మర్చిపోతారు. అది లేకపోతే వచ్చే ఏడాది అదే దృశ్యాన్ని ఎవరూ తీయలేరు, పోల్చనూ లేరు. తర్వాత, వెళ్ళినవారు భూమి ఏ భాగం చూశారో పటం మీద గీత గీశారా అన్నది. గీత ఎప్పుడూ ఒకే కాలిబాట వెంట ఉంటే మిగతా భూమిని ఎవరూ చూడనట్టే. ఆఖరుగా, పోయిన ఏడాది నివేదికలో 'కంచె ఒరిగింది' అని ఉంటే ఈ ఏడాది దాని గురించి ఏముంది? ఏమీ లేకపోతే మీ మొదటి ప్రశ్న దొరికినట్టే.

ఎన్నాళ్ళకోసారి వెళ్ళాలని చాలామంది అడుగుతుంటారు. అమెరికాలో ఇలాంటి సంఘాల సమాఖ్య ల్యాండ్ ట్రస్ట్ అలయన్స్ 2017లో సవరించిన ప్రమాణాల ప్రకారం ఒప్పంద భూమిని ఏడాదికి ఒకసారైనా పరిశీలించాలి. ఉపగ్రహ చిత్రాలతో చూసే పక్షంలో కూడా ఐదేళ్ళకు ఒకసారైనా నేల మీదికి వెళ్ళాలి. ఎక్కడైనా పాటించదగ్గ కొలమానమే. పొరుగువాడి కంచె ఏడాదికో అడుగు జరిగితే ఏ ఒక్క ఏడాదీ కంటికి ఆనదు. పదేళ్ళయ్యాక మూల నివేదికలోని ఫొటో పక్కన పెడితే పదడుగులు పోయినట్టు తెలుస్తుంది. ఎవరూ అభ్యంతరం చెప్పకుండా నిర్ణీత కాలం గడిస్తే ఆక్రమించినవారికే హక్కు వచ్చే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. కాబట్టి కనబడిన వెంటనే రాతపూర్వకంగా తెలియజేసి, ఆ ఉత్తరం నకలు ఫైల్లో పెట్టండి. ముందు వెళ్ళి మర్యాదగా మాట్లాడండి, కాని మాట్లాడినట్టు కాగితం ఉండాలి.

ప్రశ్న: మా కొత్త సభ్యుడి సొంత స్థలం సంఘం కొనబోయే భూమికి ఆనుకునే ఉంది. ఆయన నిజాయితీపరుడే. ఓటేయనివ్వవచ్చా?

జవాబు: వద్దు. ఆయన నిజాయితీ మీద అనుమానంతో చెబుతున్నది కాదు. పక్కన శాశ్వతంగా ఖాళీ నేల ఉంటుందని తేలగానే ఆయన స్థలం విలువ పెరగవచ్చు. అది బయటివాళ్ళకు ఎలా కనబడుతుందన్నదే ప్రశ్న. ఆయన ముందుగా విషయం చెప్పాలి, చర్చ మొదలవగానే గది బయటికి వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళారో ఎప్పుడు తిరిగొచ్చారో మినిట్స్‌లో రాయాలి. గదిలోనే ఉండి ఓటు మాత్రం వేయకపోవడం చాలదు. ఆయన ముఖం చూస్తూ మిగతావాళ్ళు నోరు విప్పలేరు. భూమి గురించి ఆయనకు తెలిసినది చెప్పించుకోవాలనుకుంటే చర్చకు ముందే అడిగి తెలుసుకోండి. ఆయన వెళ్ళాక కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) నిలుస్తుందా అన్నది మీ నియమావళి చూసుకోండి.

సభ్యులందరూ ఏటా ఒకసారి తమకు, దగ్గరి బంధువులకు చుట్టుపక్కల ఉన్న భూములు, వ్యాపారాలు ఒక ఫారంలో రాసి ఇవ్వాలి. సంఘం ఏ భూమి మీద కన్నేసిందో ముందే తెలిసిన సభ్యుడు దాని పక్క స్థలం కొనడం ఇంకా పెద్ద తప్పు. దాన్ని నిషేధిస్తున్నట్టు ఆ ఫారంలోనే రాయండి.

ప్రశ్న: తొమ్మిదిమందిలో ఐదుగురు వస్తే కోరం. ఇది సరిపోతుందా?

జవాబు: మామూలు పనులకు సరిపోతుంది. కాని లెక్క చూడండి: ఐదుగురు వచ్చినచోట ముగ్గురు ఔనంటే తీర్మానం గెలుస్తుంది. అంటే తొమ్మిదిమంది సంఘంలో ముగ్గురు కలిసి భూమి అమ్మేయగలరు. భూమి కొనడం, అమ్మడం, తాకట్టు, ఒప్పంద నిబంధనల సవరణ, నియమావళి మార్పు వంటివాటికి హాజరైనవారిలో కాక మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది, మీ విషయంలో ఆరుగురు, ఒప్పుకోవాలని రాసుకోండి. ముందుగా నోటీసు ఇవ్వని అంశంగా వాటిని తేకూడదని కూడా చేర్చండి.

ప్రశ్న: కొత్త సభ్యురాలు న్యాయవాది. దస్తావేజులు ఆవిడచేతే రాయించుకుంటే ఖర్చు కలిసొస్తుంది కదా?

జవాబు: వద్దు. ఆ దస్తావేజులో తప్పు దొర్లితే సంఘం ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? ఆవిడ మీదేనా? బయటి న్యాయవాదిని పెట్టుకుని, ఆయన రాసింది ఆవిడచేత చదివించండి. ఏం అడగాలో తెలిసిన మనిషి కార్యవర్గంలో ఉండటమే మీకు పెద్ద లాభం.

ప్రశ్న: సంఘం స్థాపించినాయనే పదిహేనేళ్ళుగా అధ్యక్షులు. అన్ని కాగితాలూ ఆయన ఇంట్లోనే ఉన్నాయి. నొప్పించకుండా ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: పదవి జోలికి వెళ్ళకుండా కాగితాలతో మొదలుపెట్టండి. 'అగ్నిప్రమాదం జరిగితే' అన్న మాటతో మొదలైతే ఎవరికీ కష్టం తోచదు. అసలు దస్తావేజులు బ్యాంకు లాకర్‌లోకి, మిగతావన్నీ స్కాన్ చేసి రెండుచోట్ల దాచడం, బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, ఈమెయిలు పాస్‌వర్డులు కార్యదర్శి దగ్గర కూడా ఉండటం, ఈ నాలుగూ ఒకే తీర్మానంగా పెట్టండి. తర్వాత నాలుగైదు సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని ఒక్కో భూమి కథా చెప్పించుకుని రికార్డు చేయండి. ఏ హద్దు ఎందుకు అలా వంకర తిరిగిందో చాలాసార్లు ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. పదవీకాల పరిమితి తీర్మానం ఆ తర్వాతి ఏడాదికి ఉంచండి.